మెయిన్ ఇన్‌కమర్ దగ్గర ఆర్క్ ఫ్లాష్ లెక్క: ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది 1600 కేవీఏ, 11 కేవీ/415 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 6 శాతం. గ్రిడ్ వైపు ఇంపీడెన్స్ వదిలేస్తే ఫాల్ట్ కరెంట్ (షార్ట్ సర్క్యూట్ అయితే పారే కరెంట్) 37 కేఏ (కిలో ఆంపియర్లు). కన్సల్టెంట్ ఆర్క్ ఫ్లాష్ (షార్ట్ అయినప్పుడు గాలిలో పేలే మంట) రిపోర్టులో మెయిన్ ఏసీబీ (ప్యానెల్ మెయిన్ ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) ఇన్‌కమింగ్ టెర్మినళ్లకు కూడా ఆ ఏసీబీ ట్రిప్ టైమే వేశారు. ఆ లెక్కతో ప్యానెల్‌కి అంటించే ప్రమాద హెచ్చరిక లేబుల్ నమ్మి ప్యానెల్ తెరిచేది మా కుర్రాళ్లు. రిపోర్టు మీద సంతకానికి మనసొప్పడం లేదు.

జవాబు: పెట్టకండి సార్. ఏసీబీకి ముందు ఆర్క్ వస్తే ఆపాల్సింది హెచ్‌టీ (11 కేవీ) వైపు రిలే. ఆ టైముతో మళ్లీ చేయించండి.

ఇంకొకరు: ఏసీబీ షార్ట్ టైమ్ సెట్టింగ్ (కొద్దిగా ఆగి ట్రిప్ అయ్యే కరెంట్) ఎంత? ఇన్‌స్టంటేనియస్ (ఆగకుండా వెంటనే ట్రిప్) ఉందా?

ప్రశ్న అడిగినవారు: 25 కేఏ. ఇన్‌స్టంటేనియస్ ఆఫ్‌లో ఉంది.

ఇంకొకరు: నా భయం అదే. 415 వోల్టుల దగ్గర ఆర్కింగ్ కరెంట్ బోల్టెడ్ ఫాల్ట్ (ఆర్క్ లేకుండా నేరుగా షార్ట్, మీ 37 కేఏ) కన్నా బాగా తక్కువ. 25 లోపు పడితే ఏసీబీ తర్వాతి బస్‌బార్ మీద ఆర్క్‌కి కూడా లాంగ్ టైమే (ఓవర్‌లోడ్ కోసం ఉండే నిదానమైన ట్రిప్) దిక్కు, సెకన్లు పడుతుంది. ఆర్క్ ఫ్లాష్ లెక్కల ప్రమాణం ఐఈఈఈ 1584-2018 తగ్గించిన ఆర్కింగ్ కరెంట్‌తో రెండో లెక్క కూడా చెయ్యమంటుంది. రిపోర్టులో అది ఉందా?