పల్లె రోడ్డు ట్రాన్సెక్ట్ వాక్: ఎవరిని పిలవాలి, ఏం రాయించుకోవాలి?

వాగొడ్డు: ఊరి నుంచి తండాకు కేంద్రం పల్లె రోడ్ల పథకం పీఎంజీఎస్‌వై రోడ్డు. డీపీఆర్‌ అనే ప్రాజెక్టు నివేదికకు ముందు, రోడ్డు వచ్చే దారంతా కలిసి నడిచి చూసే ఈ నడకలో ఎవరెవరుండాలి? భూమి పోయేవాళ్లకు పరిహారం ఉంటుందా? ప్లాస్టిక్ కలిపిన తారు అడగొచ్చా? దారిలో కొంత అడవి కూడా ఉంది.

సున్నంగీత: సర్పంచి, వార్డు సభ్యులు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), సర్వేయర్, ఆ దారి పక్క రైతులంతా. అడవి తగిలితే ఫారెస్టు వాళ్లు కూడా. ఈ పథకంలో భూసేకరణకు డబ్బు లేదు, రైతులే ఇష్టపడి భూమిని రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే. రోడ్డు మొత్తం 7.5 మీటర్లు, అందులో తారు 3.75. రోజుకు వంద మోటారు బండ్లలోపైతే 6 మీటర్లు, తారు 3. నేల మీద సున్నం గీత కొట్టించాకే సంతకాలు అడగండి. ఉమ్మడి పట్టా అయితే అన్నదమ్ములందరివీ తీసుకోవాలి. ఒక్కడు మిగిలినా గ్రావెల్ తోలే రోజు అడ్డం పడతాడు.

కాలువకట్ట: వెడల్పు సరే, నీటి సంగతి? బోరు ఈ పక్క, మడి ఆ పక్క ఉంటే తారు వేసిన నెలకే నీటి పైపు కోసం రోడ్డును పలుగుతో కోస్తారు. మట్టితో పూడుస్తారు, అది కుంగుతుంది, నీరు దిగి రోడ్డు కింది నేల, అంటే సబ్‌గ్రేడ్ మెత్తబడుతుంది. గుంత అక్కడే మొదలు. నడుస్తున్నప్పుడే ప్రతి రైతునీ అడిగి చైనేజీతో (రోడ్డు మొదలు నుంచి ఎంత దూరమో) రాయించండి: "0/640 దగ్గర 300 మి.మీ. హ్యూమ్ (సిమెంటు) పైపు". ఎన్‌పీ3 (ఎక్కువ బరువు ఆగే రకం) అడగండి. ఎన్‌పీ2 ఇసుక లారీలకు ఆగదు.

తారుపని: ప్లాస్టిక్ తప్పకుండా అడగండి. 8 శాతం, అంటే టన్నుకు 80 కిలోలు.

మిక్స్‌ప్లాంటు: దయచేసి ఆ లెక్క ఎవరూ వాడొద్దు! 6-8 శాతం అన్నది తారు బరువులో. టన్ను మిక్స్‌లో తారు 50 కిలోలుంటే ప్లాస్టిక్ నాలుగు కిలోలే.

తారుపని: అంత కోపమెందుకు? శాతం తప్పు చెప్పలేదుగా.

మిక్స్‌ప్లాంటు: శాతం దేనిలోనో చెప్పకపోవడమే తప్పు. ఇంకోటి, ఫ్లెక్సీలు వేయకూడదు. అది పీవీసీ, వేడి కంకర మీద హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, పనివాళ్ల ఊపిరితిత్తులు పోతాయి. పాలకవర్లు, క్యారీ బ్యాగులు ఏరి, కడిగి, ఆరబెట్టి, ముక్కలు చేసి ఇచ్చేదెవరు? పంచాయతీ చెత్త షెడ్డు వాళ్లను నడకకు పిలిచారా?

దమ్ముచక్రం: మీరు నాలుగు కిలోల దగ్గరే ఉన్నారు. కేజీ వీల్స్ (దమ్ముకు వాడే ఇనుప చక్రాలు) ఉన్న ట్రాక్టరు ఒక్కసారి నడిస్తే తారు పై పొర లేచిపోతుంది. జరిమానా బోర్డు దాన్ని ఆపదు. పొలంలోకి దిగే ర్యాంపులు లేకే రోడ్డెక్కుతున్నారు. ట్రాక్టరు వాళ్లను పిలిచి ర్యాంపులెక్కడో గుర్తు పెట్టించండి.

కాలువకట్ట: ర్యాంపు కట్టి కింద తూము వదిలేస్తే సైడు కాలువ మూసుకుపోతుంది. అదీ రాయించాలి.

అడవిదారి: తండా వైపు మాట ఎవరూ ఎత్తలేదు. అటవీ హక్కుల చట్టం 3(2) కింద రోడ్డుకు హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫార్సుతో వస్తుంది. తండాలోనే గ్రామసభ పెట్టించండి, ఆడవాళ్లు రాగలిగే వేళ చూసి.

సున్నంగీత: ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే. నడకలో రాయించిన మినిట్స్ నకలు పంచాయతీలో ఉంచుకోండి. పైపు వేయకపోతే తారు పడకముందే ఆ కాగితంతో ఏఈని నిలదీయొచ్చు.