జేస్ప్లిట్‌పేన్‌లో గీత పెట్టిన చోట నిలవట్లేదు, కాంటా గుమాస్తా రోజూ తిడుతున్నాడు

మిర్యాల_కోడ్:
మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకి వడ్ల కాంటా ప్రోగ్రాం రాస్తున్నా, జావాలో విండోలు, బటన్లు చేసే స్వింగ్‌తో. ఎడమ పక్క ట్రాక్టర్ల లిస్టు, కుడి పక్క చిట్టీ: రైతు పేరు, ఊరు, లోడు తూకం, ఖాళీ బండి తూకం, తేమ, తరుగు, హమాలీ. మధ్యలో జేస్ప్లిట్‌పేన్, అంటే విండోని రెండు భాగాలు చేసి మధ్యలో లాగే గీత ఇచ్చేది. కన్‌స్ట్రక్టర్‌లోనే (విండో తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) సెట్‌డివైడర్‌లొకేషన్ 0.3, అంటే గీత 30 శాతం దగ్గర, అని ఇచ్చినా, విండో తెరుచుకునేసరికి గీత ఇంకెక్కడో ఉంటోంది. పైగా లిస్టు వెడల్పు చేద్దామని కుడికి లాగితే కొంత దూరం పోయి మొండికేస్తోంది. గేటు బయట బండ్లు లైను కట్టినప్పుడు గుమాస్తా మౌస్‌తో కుస్తీ పడుతుంటే నాకే సిగ్గుగా ఉంది. స్ప్లిట్‌పేన్ తీసేసి వేరే ఏదైనా వాడాలా?

పాలమూరు_జావా:
తీసేయకు తమ్మీ, ఇవి రెండు వేరే రోగాలు. 0.3 అని ఇస్తే అది ఆ క్షణంలో ఉన్న వెడల్పు మీద లెక్క కడుతుంది, కన్‌స్ట్రక్టర్‌లో వెడల్పు సున్నా, సున్నాలో 30 శాతం ఎంత? విండో తెర మీదికి వచ్చాక ఇవ్వు, లేదంటే 380 అని పిక్సెళ్లలో ఇవ్వు, అది ముందే ఇచ్చినా పనిచేస్తుంది. గీత ఆగడానికి కారణం నీ చిట్టీ ప్యానెల్. దాని మినిమం సైజు కంటే లోపలికి స్ప్లిట్‌పేన్ నొక్కనివ్వదు. బాక్సులన్నీ పక్కపక్కనే పేర్చి ఉంటావు కదా? ఆ ప్యానెల్‌ని జేస్క్రోల్‌పేన్‌లో (పట్టనిది జరిపి చూసే పెట్టె) పెట్టు, లేకపోతే సెట్‌మినిమమ్‌సైజ్‌కి 0, 0 ఇచ్చి చూడు.

మిర్యాల_కోడ్:
అన్నా, స్క్రోల్‌పేన్‌లో పెట్టగానే దారికొచ్చింది! ఇంకొక్కటి. లిస్టు కింద ఆ రోజు మొత్తాలకి ఇంకో స్ప్లిట్ పెట్టాను. విండో పెద్దది చేస్తే లిస్టు ఉన్నంతే ఉండి, రెండు లైన్ల మొత్తాలకి సగం తెర పోతోంది.

దేవరకొండ_డెస్క్‌టాప్:
రీసైజ్‌వెయిట్ (విండో పెరిగితే ఏ భాగానికి ఎంత జాగా అనేది) ఏమీ ఇవ్వకపోతే 0, అంటే పెరిగిన జాగా అంతా కింది భాగానికి, పక్కపక్కన ఉంటే కుడి భాగానికి పోతుంది. ఆ స్ప్లిట్‌కి 1.0 ఇవ్వు, అంతా లిస్టుకే వస్తుంది.

అడగకపోయినా చెప్తున్నా, వన్‌టచ్‌ఎక్స్‌పాండబుల్ మాత్రం ఆన్ చేయకు. నేనొక ఎరువుల దుకాణం బిల్లింగ్‌లో ముచ్చటపడి పెట్టాను. గీత మీద చిన్న బాణం గుర్తులు వస్తాయి, గుమాస్తా చెయ్యి తగిలి ఒక ప్యానెల్ మొత్తం మూసుకుపోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్, “సార్, బిల్లులన్నీ పోయినయ్” అని. నేనూ గుండె పట్టుకుని బండేసుకుని పోయాను, తీరా చూస్తే ఒక్క క్లిక్కు పని. దానికంటే డివైడర్‌సైజ్ (గీత మందం) 10 చేయి, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

పాలమూరు_జావా:
గీత చోటు జావా ప్రిఫరెన్సెస్‌లో (ప్రోగ్రాం మూసినా సెట్టింగులు గుర్తుంచుకునేది) దాచుకో, కానీ పిక్సెళ్లుగా వద్దు. పెద్ద మానిటర్‌లో 1200 దగ్గర దాచి, 1366 వెడల్పు పాత మానిటర్‌లో తెరిస్తే చిట్టీ గోడకి నొక్కేసినట్టు ఉంటుంది. వెడల్పులోంచి డివైడర్‌సైజ్ తీసేసి, గీత చోటుని దానితో భాగించి ఆ దశాంశం దాచు. తిరిగి ఇచ్చేది విండో కనిపించాకే, మళ్లీ కన్‌స్ట్రక్టర్‌లో పెట్టేవు!

మిర్యాల_కోడ్:
రెండు షిఫ్టులకి ఇద్దరు గుమాస్తాలు, ఒకే కంప్యూటర్‌లో వేరువేరు విండోస్ లాగిన్లు. ఒకరిది ఇంకొకరికి పోదు కదా?

పాలమూరు_జావా:
పోదు. ప్రిఫరెన్సెస్‌లో యూజర్‌రూట్ వాడితే విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు) ఎవరి లాగిన్ కింద వాళ్లది రాస్తుంది. సిస్టమ్‌రూట్ అందరికీ ఒకటే, అది వాడావంటే మాత్రం ఇద్దరూ కొట్టుకుంటారు.