దుడ్డెను ఈనిన రోజే తల్లి నుంచి విడదీయడం న్యాయమేనా?

పరకాల పాడి:
మాది పరకాల దగ్గర పల్లె. ఉన్న రెండు నాటు బర్రెలకు తోడు ముర్రా బర్రెలు కొందామని చూస్తున్నా. ఏజెంటు ఒకటే పాట: "ఈనగానే దూడను తల్లికి చూపించకుండా తీసెయ్. జున్నుపాలు పిండి సీసాతో పట్టు. దూడకు అలవాటు పడితే, రేపు అది చచ్చిన రోజు బర్రె పొదుగు ముట్టనియ్యదు." లెక్కకు బాగానే ఉంది. మా అమ్మ మాత్రం, తల్లిని నాకనియ్యకుండా చేసే పాలు ఈ ఇంట్లో వద్దంటున్నది.

నా టెన్షన్ మగదూడ గురించి. రేపటి బర్రె కదా అని ఆడదుడ్డెకు సీసా పట్టేవాళ్లు, దున్నపిల్లకు పడతారా? మా వాడలో వాటిని ఎవరూ చంపరు. పాలు అందవు, అంతే. పాల కేంద్రంలో వెన్నను బట్టి రేటు, ఆ వెన్నేమో ఆఖరి ధారల్లోనే ఎక్కువ. దాన్ని దున్నపిల్లకు వదిలేదెవరు?

పశువుల డాక్టర్:
ముందు జున్నుపాల సంగతి. దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, మొదటి రోజే విడతలుగా పోవాలి. మొదటి విడత రెండు గంటల్లోపే పట్టాలి. 24 గంటలు దాటితే అందులోని రోగనిరోధక శక్తి పేగుల నుంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు.

విడదీస్తే వెంటనే విడదీయాలి. వారాల తరబడి కలిపి ఉంచి తీస్తే రెండూ ఎక్కువ అరుస్తాయి. అయితే తల్లి దగ్గర కుడిచిన దూడ బాగా ఎదుగుతుందన్నదీ నిజమే. ఇంకొకటి, బర్రెకు పాలు చాలావరకు పొదుగు పైభాగంలోనే ఉంటాయి, చేపితేనే, అంటే బర్రె తానుగా పాలు విడిస్తేనే, దిగుతాయి. తొలిచూలుదైతే దూడ లేకుండా అలవాటు చేయవచ్చు, నాలుగైదు ఈతల బర్రెతో కష్టం. అప్పుడే కొందరు పాలు దిగడానికి సూది మందుకు దిగుతారు. పాల కోసం పశువుకు హాని చేసే సూది వేయడం 1960 జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం.

ములుకనూరు అక్క:
తమ్ముడూ, 2002లో మా మహిళా డెయిరీ పెట్టినప్పటి నుంచి పాలు పోస్తున్న. మా ఇంట్లో మూడు చన్లు మాకు, ఒకటి దూడకు. ముందు చేపుకు విడుస్త, మూతి తడవంగనే గుంజి తల్లి ముందటనే కట్టేస్త. అది దూడను నాకుతుంటది, నేను పిండుకుంట. మగదైనా అదే వాటా. దున్నపిల్లలు పాలు లేకనే కాదు, ఏలికపాములతోని గూడ పోతయి. ఆ పురుగు తల్లి పాలతోనే వస్తది. పది రోజులకు నట్టల మందు తాపు. మీ ఏజెంటు ఆ ముచ్చట చెప్పిండా?

హన్మకొండ వాడుక:
దూడకు వాటా వదిలే ఇల్లని తెలిస్తే లీటరుకు పది రూపాయలు ఎక్కువిస్తా.

జమ్మికుంట రైతు:
పది రూపాయలు సరే సార్. ఏడాది సాకిన దున్నను ఎవరు కొంటరు? నాగలి పోయింది, ట్రాక్టర్ వచ్చింది. అంగట్ల కొనేటోడు దాన్ని దున్నడానికి కొనడు. సీసానా, చన్నా అని కొట్లాడుకుంటున్నరు గని, దాని దారి రెండింట్లా ఒకటే.

పరకాల పాడి:
జమ్మికుంట అన్నా, దానికి నా దగ్గర జవాబు లేదు. ఏజెంటుకు మాత్రం ఫోన్ చేసి చెప్పిన, దూడతో ఉన్న బర్రెలే కావాలని. రేటు పెంచిండు. అక్కా, ఆ ఒక్క చన్ను ఎన్ని నెలల దాకా వదులుతరు?