సైన్యాధికారుల ప్రసంగాల్లో ‘ఏరివేత’, ‘గాలింపు’ రూపకాలేనా, కాదా?

బుగ్గవంక (కడప):
సైన్యాధికారుల ప్రసంగాల తెలుగు పాఠాల్లో భావనా రూపకాలు (ఒకదాన్ని ఇంకోదానిగా చూపే మాటలు) లెక్కించేవాళ్ల మధ్య ఒక పేచీ తెగడం లేదు. ‘ఉగ్రవాదుల ఏరివేత’, ‘అడవిలో గాలింపు’, ‘ఎత్తుకు పైఎత్తు’... వీటిని రూపకాల ఖాతాలో వేయాలా? వేయకూడదని నా వాదన.

ఈ రూపకాల సిద్ధాంతం తెచ్చిన లేకాఫ్, జాన్సన్ 1980లో చెప్పిందేమిటి? ఒక రంగాన్ని ఇంకో రంగం ద్వారా అర్థం చేసుకుంటామని. వాదనను యుద్ధంగా చూస్తాం కాబట్టే ‘వాదనలో ఓడాడు’ అంటాం. సరే. కానీ పేపర్లో ‘గాలింపు’ అని చదివినవాడికి గిన్నె, నీళ్లు, బియ్యం గుర్తొస్తాయా? రావు. ‘వెతుకులాట’కు అది పోలీసు మాట, అంతే.

అసలైన రూపకం కావాలంటే ఆపరేషన్ సిందూర్ తర్వాత 2025 మే 12న జరిగిన విలేకరుల సమావేశం చూడండి. మన గగనతల రక్షణ పొరలు పొరలుగా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి లెఫ్టినెంట్ జనరల్ రాజీవ్ ఘాయ్ పాతకాలపు ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్లు లిల్లీ, థామ్సన్‌లను తెచ్చారు. ఒకడిని తప్పించుకుంటే ఇంకొకడు పడగొడతాడు. అదే వేదిక మీద ఎయిర్ మార్షల్ ఏ.కె. భారతి తులసీదాసు రామాయణంలోని సముద్రుడి ఘట్టం అందుకున్నారు: మూడు రోజులు వేడుకున్నా సముద్రుడు దారివ్వలేదు, భయం లేనిదే ప్రీతి పుట్టదని రాముడు అన్నాడు. ఇవి ఎంచుకుని వాడినవి. లెక్కకు రావాల్సింది ఇవే.

చేటలో రాళ్లు (ఆదోని):
గుర్తుకు రావడం కొలబద్ద కాదన్నా. పాఠంలో రూపకాలు గుర్తించడానికి 2007లో ప్రాగల్‌జాజ్ అనే పరిశోధకుల బృందం ఇచ్చిన పద్ధతిలో చదివేవాడి మనసులో ఏం మెదిలిందన్న ప్రశ్నే లేదు. ముందు పాఠం మొత్తం చదవాలి. తర్వాత పదాలుగా విడగొట్టాలి. ఒక్కో పదానికి అక్కడున్న అర్థం రాసుకుని, అదే పదానికి ఇంకా ముట్టుకోగలిగే అర్థం, ఒంటితో చేసే పనికి దగ్గరైన అర్థం వేరే ఉందేమో చూడాలి. ఉండి, దాంతో పోల్చి ఇక్కడి అర్థాన్ని పట్టుకోగలిగితే గుర్తు పెట్టాలి.

‘గాలించు’ పెట్టి చూడు. బియ్యంలో నీళ్లు పోసి, గిన్నె తిప్పుతా, తేలిన బియ్యాన్ని పక్క గిన్నెలోకి వంచుతారు. రాయి బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. ఈ పని సీమలో ఎవరికీ కొత్త కాదు. ఇక్కడ ఊరు బియ్యం, దాక్కున్నవాడు రాయి. బియ్యానికి ఏమీ కాదన్న హామీ కూడా ఆ మాటలోనే కలిసి వస్తుంది. ‘జల్లెడ పట్టారు’ అన్నా అంతే. నిజంగా గాలింపు జరిగే ఊళ్లో జనానికి ఏమీ కాకుండా ఉంటుందా లేదా అన్నది ఆ మాట మనల్ని అడగనివ్వదు. అందుకే లెక్కలో ఉండాలంటున్నా.

ఇక ‘ఏరివేత’. ఆదోని వైపు పత్తి ఏరతారు, శెనక్కాయలు ఏరతారు. అక్కడ ఏరేది మనకు కావాల్సిన సరుకు. ‘ఏరుకోవడం’ అంటే తనకోసం తీసుకోవడం, ‘ఏరివేయడం’ అంటే తీసి అవతల పారేయడం. తేడా అంతా ఆ ‘వేయు’లో ఉంది. ఉగ్రవాదుల ‘ఏరివేత’ అంటామే గానీ ‘ఏరుకోవడం’ అని ఎవరూ అనరు కదా. చచ్చిన మాటైతే ఇంత పట్టు ఎందుకుంటుంది?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఇద్దరూ ఒక సంగతి దాటేశారు. ‘గాలింపు’ అన్నది సైన్యాధికారి కాదు. ఆయన నోట వచ్చింది ‘కూంబింగ్’. అది దువ్వెన పని. చిక్కు తీయడం, పేలు దులపడం. డెస్కులో కూర్చున్నవాళ్లు దువ్వెన తీసేసి గిన్నె పెట్టారు. రూపకం ఉందన్నది నిజమే, కానీ అది తెలుగు పత్రికది. దాన్ని అధికారి పేరు కింద రాస్తే పట్టిక మొత్తం తప్పు.

ఇది చిన్న తేడా కాదు. 1944 జూన్ 6న నార్మండీకి వెళ్లే సైనికులకు పంచిన కాగితంలో మిత్రపక్షాల సేనాని ఐసెన్‌హోవర్ ఆ దండయాత్రను ‘మహా క్రూసేడ్’ (క్రూసేడ్ అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధం) అన్నాడు. తెలుగులో ‘ధర్మయుద్ధం’ అని రాశామంటే జెరూసలేం పోయి కురుక్షేత్రం వచ్చి కూర్చుంటుంది. గల్ఫ్ యుద్ధంలో, 1991 జనవరిలో, ఇరాక్ సైన్యం గురించి అమెరికా సేనాని కోలిన్ పావెల్ అన్నది: ముందు దాన్ని తెగ్గోస్తాం, తర్వాత చంపుతాం. అక్కడ సైన్యం మొత్తం ఒకే ఒంటి జంతువు, మనుషులు కనిపించరు. ‘సరఫరాలు నిలిపేసి ఓడిస్తాం’ అని రాస్తే జంతువే మాయం. అదే ఏడాది ఫిబ్రవరి 27న ఆ యుద్ధం నడిపిన జనరల్ ష్వార్జ్‌కాఫ్ తన పడమటి చుట్టుదాడిని ‘హెయిల్ మేరీ’ అన్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆశ వదులుకున్న జట్టు చివర్లో విసిరే పొడుగాటి బంతి అది. మనకు ఆ ఆటే లేదు. ఘాయ్ చెప్పిన బౌలర్లయితే ఉన్నపళంగా తెలుగులోకి దిగిపోయారు.

పట్టికలో రెండు గడులు పెట్టండి: మూలంలో ఉన్నది ఒకటి, తెలుగులో వచ్చింది ఒకటి. రెండూ ఒకే గడిలో వేయకండి.

శెనక్కాయల చేను (అనంతపురం):
గడుల సంగతి సరేనప్పా, లెక్కే తప్పుతోంది. వెయ్యి పదాలకు ఎన్ని రూపకాలని ఇంగ్లీషునూ తెలుగునూ పక్కపక్కన పెడుతున్నారు. ఐసెన్‌హోవర్ అదే కాగితంలో ‘ద టైడ్ హ్యాజ్ టర్న్‌డ్’ అన్నాడు. నాలుగు పదాలు, అందులో రెండు రూపకాలు. సముద్రం లేని మన సీమలో దాన్ని ‘గాలి మళ్లింది’ అంటాం. రెండు పదాలు, రెండూ రూపకాలే. ఒకే మాటకు అక్కడ సగం, ఇక్కడ నూటికి నూరు! విభక్తులు, సహాయక క్రియలు మన పదంలోనే అతుక్కుని ఉంటాయి కాబట్టి తెలుగు ఎప్పుడూ ‘ఎక్కువ రూపకాల’ భాషలాగే తేలుతుంది. వెయ్యి పదాలకు బదులు వంద వాక్యాలకు లెక్కేస్తే ఈ పీడ చాలావరకు పోతుంది.

ఇంకొకటి. ‘చుట్టుముట్టు’, ‘దెబ్బతీయు’ ఒక పదమా, రెండా? ముందే రాసి పెట్టుకోకపోతే ఇద్దరు గుర్తించేవాళ్లు రెండు దారుల్లో పోతారు. తర్వాత ఫ్లీస్ కాపా (గుర్తించేవాళ్ల మధ్య పొత్తు ఎంతో చెప్పే అంకె) తీస్తే అది పడిపోతుంది, తప్పు రూపకాలదని అందరూ అనుకుంటారు.

బుగ్గవంక (కడప):
వాక్యాల లెక్క ఒప్పుకుంటా. రాళ్లన్నా, నీ పద్ధతితోనే ఒక చిక్కు: 2007 నియమంలో ‘చరిత్రలో ముందున్న అర్థం’ కూడా ఒక ఆనవాలు. అలాగైతే ‘మట్టుబెట్టారు’ను ఏం చేస్తావు? మట్టు అంటే హద్దు. జనం మాత్రం అందులో మట్టి వింటారు.

చేటలో రాళ్లు (ఆదోని):
ఆ పద్ధతిని సవరించిన ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2010లో ఆ చరిత్ర షరతు తీసేశారు. ఇప్పుడు మాట్లాడేవాళ్లకు రెండర్థాలూ వాడుకలో ఉన్నాయా అన్నదే పరీక్ష. ‘గాలించు’ నిలుస్తుంది. ‘మట్టు’ ‘నా మట్టుకు నేను’లో బతికే ఉంది, కానీ అది కూడా ముట్టుకోలేని అర్థమే, కాబట్టి వదిలేయాలి. మట్టి వినపడటం చెవి పొరపాటు. నిఘంటువు కూడా అలాగే ఎంచుకోవాలి. ఈ పనికి 1991 నాటి గ్విన్ నిఘంటువు ముందు, పాతకాలపు బ్రౌన్ నిఘంటువు తర్వాత. ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న ఊరివాడితో ఈ మాట అనడం సాహసమే అనుకో!

ఘాయ్ పోలిక కూడా ఆ పద్ధతిలో లెక్కలోకి వస్తుంది. ‘లాగా’, ‘మాదిరి’ అని చెప్పి తెచ్చినదాన్ని నేరు రూపకమని వేరే గుర్తుతో పెడతారు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఎంచుకుని వాడినదీ అలవాటుగా వచ్చినదీ రెండూ కావాలి, ఎందుకంటే ఒకటి ఇంకొకటిగా మారుతుంది. ఉద్యోగపర్వంలో కర్ణుడు కృష్ణుడితో రాబోయే యుద్ధాన్ని యజ్ఞంగా వర్ణిస్తాడు: దుర్యోధనుడు యజమాని, అర్జునుడు హోత (మంత్రాలు చదివే ఋత్విజుడు), గాండీవం నెయ్యి పోసే స్రుక్కు (గరిటె), వీరుల పరాక్రమమే ఆజ్యం (నెయ్యి). ఒక్కో వస్తువుకూ జోడీ కుదిర్చి చెప్పిన పోలిక అది. ఇవాళ ‘ప్రాణాలు అర్పించారు’, ‘ఆహుతయ్యారు’ అంటున్నప్పుడు ఆ హోమగుండం మనకు కనపడదు గానీ, చనిపోయినవాడు ఎవరికో సమర్పణ అయ్యాడన్న లెక్క మాత్రం అలాగే నిలిచింది.

‘నేలకొరిగారు’ను మాత్రం వీటితో కలపకండి. పడిపోవడం నిజంగానే జరుగుతుంది. అది పోలిక కాదు, జరిగినదాంట్లో ఒక ముక్కతో మొత్తాన్ని చెప్పడం. వేరే గుర్తు పెట్టాలి.

బుగ్గవంక (కడప):
సరే. ‘గాలింపు’, ‘ఏరివేత’ తెలుగు గడిలో వేస్తా, అధికారి గడిలో వేయను. ‘ఎత్తుకు పైఎత్తు’ దగ్గర మాత్రం తగ్గను. రాజకీయం, సంసారం, క్రికెట్... దేనికైనా వాడే మాట అది. దాంట్లో చదరంగం ఎక్కడుంది?

శెనక్కాయల చేను (అనంతపురం):
2025 ఆగస్టులో ఐఐటీ మద్రాసు ప్రసంగం ఉంది కదా. సైన్యాధ్యక్షుడు జనరల్ ఉపేంద్ర ద్వివేది ఆపరేషన్ సిందూర్‌ను చదరంగంతోనే పోల్చారు. మూలంలో బల్ల, పావులు ఉన్నప్పుడు తెలుగులో ‘పైఎత్తు’ వేయడం అరిగిపోయిన మాట ఎలా అవుతుంది?

బుగ్గవంక (కడప):
అయితే ఆ ఒక్క ప్రసంగానికి వేస్తా. మిగతా చోట్ల ‘పైఎత్తు’ కొట్టేస్తున్నా.