జూలూలో వంత పాడితే చిన్నతనం లేదు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడివాళ్ల భాషల్లో ఒకటి జూలూ. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ ఆదివారాలు చర్చిలో పాడుతుంది. "పాడటం" అన్నమాటకి జూలూలో ఏమంటారని అడిగా. అక్కడే ఇరుక్కుపోయా.

ఉకుచూల. 'చ' అని రాశాను గానీ అది చ కాదు. ఇంగ్లీషు 'సి' అక్షరంతో రాస్తారు, పలకడం మాత్రం బస్సు తప్పిపోతే మనం "ప్చ్" అంటామే, అదీ. మనకి అది నిట్టూర్పు, వాళ్లకి హల్లు. వెంటనే అచ్చు అతికించి పలకాలి. నాకేమో ప్చ్ ఒకసారి, ఊల ఇంకోసారి వస్తున్నాయి. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ఇచూలో అంటే పాట, అమచూలో పాటలు, ఉమ్చూలి గాయకుడు, అబచూలి గాయకులు, ఉమ్చూలో సంగీతం. మనం పాడు, పాట, పాటగాడు అని తోక మారుస్తాం, వాళ్లు తోకతో పాటు తల కూడా మారుస్తారు. 'అ' కింద ఎంత వెతికినా నిఘంటువులో అబచూలి దొరకలేదు. ధాతువు 'చూల' దగ్గర చూడాలట.

అసలు అడగాలనుకున్నది వేరే. బృందంలో ఒకరు పాట ఎత్తుకోవడాన్ని 'హ్లబేల' అంటారు. దాని మూలం 'హ్లబ', అంటే పొడవడం! మిగతావాళ్లు అందుకోవడం 'వూమ'. అదే మాటకి ఒప్పుకోవడం అని కూడా అర్థం. "సియవూమ" అంటే "ఒప్పుకుంటున్నాం". మనకి ఇలా రెండర్థాల మాట ఉందా?

వ్యాఖ్య: ఎందుకు లేదండీ? వంత పాడటం. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. "తందాన తాన" అనేది వాళ్లే. బయటికొచ్చేసరికి "ఆయన ఏమన్నా వీడు వంత పాడతాడు" అని తిట్టయిపోయింది. తానా అంటే తందానా కూడా అంతే.

వ్యాఖ్య: తిట్టెలా అయిందో మరి. వంతలు లేకపోతే బుర్రకథ పది నిమిషాలు నడవదు. హాస్యవంత అయితే కథకుణ్ణి మధ్యలో ఆపి ప్రశ్నలేస్తాడు కూడా. అది భజనెలా అవుతుంది?

వ్యాఖ్య: లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో అని దక్షిణాఫ్రికా గాయక బృందం ఉంది, వినండి. 1986లో అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ ఆల్బమ్‌తో ప్రపంచానికి తెలిశారు. అప్పట్లో జోసెఫ్ షబలాలా (2020లో పోయాడు) ఎత్తుకునేవాడు, మిగతావాళ్లు వూమ. వాయిద్యాలే ఉండవు. వాళ్లు పాడే పద్ధతి పేరు ఇసిచతమీయ, 'చతమ' అంటే చప్పుడు కాకుండా నడవడం. ఆ అడుగులు యూట్యూబ్‌లో చూస్తే అర్థమవుతుంది. పేరులో లేడీస్మిత్ ఊరు, బ్లాక్ నల్ల ఎడ్లు, మాంబాజో గొడ్డలి. పోటీకొచ్చినవాళ్లని నరికేస్తామని!

నా జవాబు: నిన్ననే విన్నాను, థాంక్స్. వంత సంగతి ఆవిడకి చెప్పా. "మీ దగ్గర ఒప్పుకుంటే తిట్టా?" అంది. కాదు, మాకు ఊ కొట్టడం కూడా ఉంది, కథ చెప్పే అమ్మమ్మకి పిల్లలు ఊ కొడతారు, ఆగితే నిద్రపోయారని ఆవిడ కథ ఆపేస్తుంది అన్నా. అది మాత్రం బాగా నచ్చింది. ఇప్పుడు నేనేం చెప్తున్నా ఊ కొడుతోంది. నా ప్చ్ మాత్రం ఇంకా అతకలేదు.