‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’: ఎవరు ఎవరవుతారు?

ప్రశ్న: ఈ సామెతను మా ఇంట్లో తిట్టడానికే వాడేవారు. పనికిమాలిన వాళ్లతో తిరుగుతున్నావు, నువ్వూ అలాగే తయారవుతావని. కానీ సామెతలో మంచి అనీ లేదు, చెడు అనీ లేదు. ‘వారు’ ఎవరు? ‘వీరు’ ఎవరు? ‘నీరము తప్తలోహమున’ పద్యం చెప్పేదీ ఇదేనా?

జవాబు: రెండూ ఒకటి కావండీ. ముందు ఆ పద్యం చూద్దాం. సంస్కృత కవి భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు ఇది:

నీరము తప్తలోహమున నిల్చి యనామకమై నశించు నా
నీరమె ముత్యమట్లు నళినీదళసంస్థితమై తనర్చు నా
నీరమె శుక్తిలో బడి మణిత్వము గాంచు సమంచితప్రభన్
బౌరుషవృత్తు లిట్లధము మధ్యము నుత్తము గొల్చువారికిన్

కాలిన ఇనుము మీద పడ్డ నీటిబొట్టు పేరు లేకుండా పోతుంది. తామరాకు మీద ముత్యంలా కనిపిస్తుంది. ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది. అధముణ్ని, మధ్యముణ్ని, ఉత్తముణ్ని కొలిచేవారి గతీ ఇలాగే ఉంటుందని చివరి పాదం. మూడుచోట్లా మారేది బొట్టే. ఇనుముకు, ఆకుకు, చిప్పకు ఏమీ కాదు. సామెత అలా కాదు, అందులో మార్పు ఇటు నుంచి అటూ జరగొచ్చు. ‘వీరు వారవుతారు’ అని తిప్పి చెప్పినా అర్థం చెడదు.

ఇంకో తమాషా. మామూలుగా ‘తామరాకు మీద నీటిబొట్టు’ అంటే దేనికీ అంటని మనిషి అని మెచ్చుకోలుగా వాడతాం. ఈ పద్యంలో మాత్రం దానికి దక్కింది మధ్యమస్థానం. మెరుస్తుందే కానీ ముత్యం కాలేదు.

నన్ను ఎక్కువగా ఆపేది చివరి పాదం. భర్తృహరి శ్లోకం ‘ప్రాయేణాధమమధ్యమోత్తమగుణః సంసర్గతో జాయతే’ అని ముగుస్తుంది. అధమ, మధ్యమ, ఉత్తమ గుణాలు సంసర్గం వల్ల వస్తాయని భావం. సంసర్గం అంటే కలిసి ఉండటం. లక్ష్మణకవి అక్కడ ‘కొల్చువారికిన్’ అన్నాడు. కొలవడం అంటే సేవించడం. ‘కొలువు’ అన్న మాట కూడా అక్కడిదే. ఆయన 18వ శతాబ్దంలో, పెద్దాపురం సంస్థానం నడుస్తున్న రోజుల కవి. ఆ కాలపు కవికి పక్కన ఎవరు కూర్చున్నారన్న దానికన్నా ఎవరి కొలువులో ఉన్నామన్నదే పెద్ద సంగతి అయి ఉంటుందని నా ఊహ. ఇప్పటి ఆఫీసుల్లో కూడా చూడండి, బాస్ నవ్వే జోకులకే టీమంతా నవ్వడం నేర్చుకుంటుంది. దాన్ని స్నేహం అనలేం కదా.

ఇంకొకరు: మాస్టారూ, సామెత రెండువైపులా పనిచేస్తుందనడానికి మా హాస్టలే సాక్ష్యం. నేను శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చాను. నా ‘ఏటి’ పోయి ‘ఏంది’ వచ్చింది. నల్గొండవాడైన నా రూమ్మేట్ మాత్రం కోపం వస్తే ‘ఏటి’ అంటాడు! కాకపోతే ‘తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు’ అన్నదాన్ని కూడా ఇందులో కలపొచ్చా?

జవాబు: కలపకూడదనే అంటాను. అది మనిషి మారడం గురించి కాదు, చూసేవాళ్లు వేసే ముద్ర గురించి. పాలు పాలుగానే ఉన్నాయి. ఊరికి కనిపించేది చెట్టు. రెండింటినీ కలిపేసి పిల్లల్ని ‘వాళ్లతో తిరగొద్దు’ అని బెదిరించడం మనకు బాగా అలవాటు. చెడిపోతావనా, లేక నలుగురూ ఏమనుకుంటారోననా? చాలా ఇళ్లలో అసలు భయం రెండోదే.

అడిగినవారు: మరి ప్రహ్లాదుడు? రాక్షసుల ఇంట్లో పుట్టి, చండామార్కుల దగ్గర చదివీ మారలేదే?

జవాబు: శ్లోకంలో ‘ప్రాయేణ’ ఉంది కదా, అంటే ‘చాలావరకు’ అని. ప్రహ్లాదుడికి అక్కడ చోటుంది. తెలుగు పద్యం ‘ఇట్లు’ అని తేల్చేసి ఆ సందు మూసింది. అయినా భాగవతం ప్రకారం ప్రహ్లాదుడిది కూడా ఒంటరి కథ కాదు. తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడు. తర్వాత తోటి రాక్షస బాలురను కూర్చోబెట్టి వాళ్లకూ చెప్పాడు. చండామార్కుల టెన్షనంతా ఒక్క పిల్లాడి గురించే కాదు, బడి మొత్తం గురించి.

భర్తృహరిని ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా తెలుగు చేశారు. ఈ శ్లోకం చివరి పాదాన్ని వాళ్లు ఎలా తెచ్చారో, ఎవరి దగ్గరైనా ఆ పుస్తకాలుంటే ఇక్కడ పెట్టండి.