ఇంటి ప్లాన్ బడ్జెట్ దాటింది, ఎక్కడ తగ్గించాలో తేలట్లేదు

కొత్తగూడు:
అందరికీ నమస్కారం. రెండంతస్తుల ఇంటికి ప్లాన్ గీయించాం. బయటి కొలత 30×40 అడుగులు, ముందు మూలలో 6×8 వదిలేసి అక్కడ వరండా పెట్టారు. కింద 14×20 హాలు, అది పైకప్పు దాకా డబుల్ హైట్, వంటిల్లు, అమ్మకి బెడ్‌రూమ్, మెట్లు. పైన మూడు బెడ్‌రూములు, వాటిలో ఒకటి నా ఆఫీసు పనికి. బాత్రూములు కింద వెనక వైపు ఒకటి, పైన ముందు వైపు రెండు. ఎస్టిమేట్ చేతికొచ్చేదాకా అంతా ముచ్చటగానే ఉంది, చూస్తే మేం పెట్టగలిగినదానికంటే ఐదో వంతు ఎక్కువ. ఏ గదీ పోకూడదని నేనే కూర్చుని ప్రతి గదినీ ఒక్కో అడుగు తగ్గించాను. బెడ్‌రూములు 10×11, అమ్మ బాత్రూమ్ 4×7, మెట్ల వెడల్పు 2 అడుగుల 9 అంగుళాలు, మెట్టు ఎత్తు 8 అంగుళాలు. ఇంత చేసినా ఖర్చు పెద్దగా దిగలేదు, ఇంట్లో వాళ్ళకి మాత్రం కోపం వచ్చింది. ఇంకా స్ట్రక్చర్ డ్రాయింగ్ మొదలుపెట్టలేదు. మీరైతే ఏం తీసేస్తారు?

రసమట్టం:
దిగదండీ, ఎందుకంటే మీరు తగ్గించింది ఖాళీ నేలని. ఒక గది ఖర్చులో చాలా భాగం తలుపు, కిటికీ, కరెంటు పాయింట్లు, పైపుల దగ్గర ఉంటుంది, గది అడుగు తగ్గినా అవి తగ్గవు. ఇంకో తమాషా చూడండి, 30×40కి చుట్టుకొలత 140 అడుగులు. మూలలో 6×8 తీసేసినా చుట్టుకొలత 140 అడుగులే! 48 చదరపు అడుగుల చోటు పోయింది, గోడ మాత్రం అంగుళం కూడా తగ్గలేదు, పైగా రెండు మూలలు కొత్తగా వచ్చాయి. ఆ మూల పూడ్చేసి ఇంటిని నాలుగు మూలలకి తెచ్చి, పొడవులో 4 అడుగులు తీసేయండి. 30×36 అంటే చుట్టుకొలత 132, పునాది, గోడ, పైకప్పు అన్నీ కలిసి తగ్గుతాయి. వరండా బదులు గుమ్మం మీద సజ్జ కాస్త ముందుకు లాగితే వాన నుంచి కాపాడుతుంది.

పోయిన చోటు ఎక్కడ దొరుకుతుందంటారా, డబుల్ హైట్‌లో. 280 చదరపు అడుగుల మీద మధ్య స్లాబ్ ఖర్చు ఒక్కటే మిగులుతుంది మీకు, చుట్టూ గోడలూ పై కప్పూ ఎలాగూ కడుతున్నారు, అంత ఎత్తున ప్లాస్టరింగుకి, రంగులకి పరంజా ఖర్చు అదనం. అది మూసేస్తే ఇల్లు కురచయినా పైన మూడు గదులూ హాయిగా పడతాయి.

బాత్రూములు కూడా ఒకదాని మీద ఒకటి వచ్చేలా వెనక్కి జరపండి. ఇప్పుడున్న ప్లాన్‌లో పైపులు ఇంటికి రెండు పక్కలా దిగుతాయి, పైన ముందు వైపు బాత్రూమ్ కింద ఏ గది ఉన్నా లీకైనప్పుడు తెలుస్తుంది ఆ బాధ. వంటిల్లు సింకు కూడా ఆ గోడకే వస్తే ఇంకా మంచిది.

పాతకాపు:
ఈ అడుగు అడుగు తగ్గించే పని నేను చేశాను, నాలుగేళ్లుగా అనుభవిస్తున్నాను. ప్లాన్‌లో 10 అని రాసింది గోడ మధ్య నుంచి గోడ మధ్యకా, లోపలి కొలతా అని ముందు అడగండి. మధ్య నుంచి అయితే 9 అంగుళాల బయటి గోడలో సగం, నాలుగున్నర అంగుళాల లోపలి గోడలో సగం, రెండు వైపులా ప్లాస్టరింగు పోగా మిగిలేది దాదాపు 9 అడుగుల 4 అంగుళాలు. 6 అడుగుల మంచం, 2 అడుగుల బీరువా పెడితే నడవడానికి 1 అడుగు 4 అంగుళాలు. మా ఇంట్లో బీరువా తలుపు తెరవాలంటే ఒకరు మంచమెక్కాలి, అతిశయోక్తి కాదు.

అమ్మగారి బాత్రూమ్ మాత్రం ముట్టుకోకండి. వీలైతే పాత కొలత కంటే పెంచండి. వీల్‌చైర్ తిరగాలంటే 5 అడుగుల చోటు కావాలి, అంత కుదరకపోయినా తలుపు 3 అడుగులు పెట్టి బయటికి తెరుచుకునేలా చేయించండి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు తోసినా రాదు.

మెట్లు కూడా అంతే. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులైతే 126 అంగుళాలు, 7 అంగుళాల చొప్పున 18 మెట్లు. రెండు వరుసలుగా, కాలు పెట్టే చోటు 10 అంగుళాలు, మెట్ల వెడల్పు 3 అడుగులు ఉండేలా వేస్తే మధ్య ల్యాండింగ్, పైకెక్కాక నిలబడే చోటు కలిపి దాదాపు ఆరున్నర బై పన్నెండున్నర అడుగుల చోటు. అంతకంటే బిగిస్తే ఆ మెట్ల మీద పైకి మంచం కూడా ఎక్కదు.

మేడమెట్లు:
రసమట్టం గారి లెక్క బాగుంది గానీ డబుల్ హైట్ మూసేస్తే హాలు చీకటి గుహ అయ్యే ప్రమాదముంది, పై కిటికీల వెలుతురు పోతుంది కదా. మూసేటట్లయితే హాలుకి రెండు వేర్వేరు గోడల్లో కిటికీలు ఉండేలా చూసుకోండి, ఒకే గోడకి ఎంత పెద్ద కిటికీ పెట్టినా లోపలి మూల మసగ్గానే ఉంటుంది. ఇంకోటి, అన్నీ ఇప్పుడే పూర్తి చేయాలని ఎవరన్నారు? మీ ఆఫీసు గదికి గోడలు, కరెంటు పైపులు వేసి వదిలేయండి. బీరువాలు, ఫాల్స్ సీలింగ్, పైన రెండో బాత్రూమ్ లోపలి సామాను తర్వాత. కానీ ఆ బాత్రూమ్ డ్రైన్ పైపు, నీళ్ళ పైపు మాత్రం ఇప్పుడే వేసి మూతలు బిగించండి, తర్వాత స్లాబ్‌కి కన్నం కొట్టే పని పెట్టుకోవద్దు.

కొత్తగూడు:
అందరికీ థ్యాంక్సండీ, మూల సంగతి చదివి మా ఆయన కాగితం తీసుకుని రెండుసార్లు లెక్కేసుకున్నారు. ఇప్పుడు 30×36, మూల పూడ్చేశాం, బాత్రూములన్నీ వెనక వైపే. అమ్మ బాత్రూమ్ 6×8. మెట్లు 3 అడుగులు. హాలు 14×17 అయింది, డబుల్ హైట్ పోయింది, దాని కోసం ఆయన ఒక పూట అలిగారు. కొత్త ఎస్టిమేట్ ఇంకా కొంచెం పైనే ఉంది గానీ ఆఫీసు గది, రెండో బాత్రూమ్ ఆపితే సరిపోతుంది. ఒక్క అనుమానం, పైన బెడ్‌రూమ్ గోడ ఒకటి కింద హాలు గోడ మీదికి కాకుండా అడుగున్నర హాలు లోపలికి వస్తోంది, పర్వాలేదా?

రసమట్టం:
దాని కింద బీమ్ కావాలి, లేదా ఆ గోడ తేలికపాటి బోర్డుతో కట్టాలి. రెంటిలో ఏది చవకో స్ట్రక్చర్ ఇంజనీరు చెప్తారు. అంతకంటే ముందు ఆ గోడని అడుగున్నర జరిపి కింది గోడ మీదికి తేగలరేమో చూడండి, గది కాస్త పొడుగవుతుంది అంతే.

పాతకాపు:
డ్రాయింగ్ ఖాయం చేసే ముందు సైట్లో సున్నంతో అసలు కొలతలకి గీతలు గీయించి, అమ్మగారిని తన గదిలోంచి బాత్రూమ్ దాకా నడవమనండి. చేతిలో కర్ర ఉంటే కర్రతోనే.